ఒక్కపొద్దు అందరిదీ, పంక్తి ఎవరిది వారిదే: సామూహిక ఉపవాసం ఊరిని ఎంతవరకు కలుపుతుంది?

సంక్షిప్తంగా: శివరాత్రి, రంజాన్, క్రైస్తవుల తపస్సు కాలం వరుసగా రెండేళ్లు ఇంచుమించు ఒకే వారంలో వచ్చాయి. దీంతో ఉపవాసాన్ని మతాలకు అతీతమైన పౌర ఆచరణగా మలచవచ్చా అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ఆచారాలను, గత నూరేళ్ల చరిత్రను చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. కలిసి ఆకలితో ఉండటం మనుషులను దగ్గర చేస్తుంది. ఆ దగ్గరితనం నిలిచేదీ చెదిరేదీ ఉపవాసం విడిచే పూట ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్న దాన్ని బట్టి ఉంటుంది.

2026 ఫిబ్రవరి 15 ఆదివారం మహాశివరాత్రి. 18వ తేదీ కథోలిక క్రైస్తవులకు విభూది బుధవారం, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలానికి తొలి రోజు. ఆ వారంలోనే నెలవంక కనిపించి రంజాన్ మొదలైంది. అంతకు ముందు ఏడాదీ ఇదే వరుస: శివరాత్రి ఫిబ్రవరి 26న, రంజాన్ మార్చి మొదట్లో, విభూది బుధవారం మార్చి 5న వచ్చాయి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పక్కపక్క వీధుల్లో ఉండే మూడు ఇళ్లవారు ఒకరి సంగతి ఒకరికి పెద్దగా తెలియకుండానే ఒకే వారంలో పగటి అన్నం మానుకున్నారు.

ఈ కలయికను చూసినవారికి రెండు రకాల ఆలోచనలు వస్తాయి. ఎలాగూ అందరూ ఉంటున్నారు గనుక ఊరంతా కలిసి ఒక రోజు ఉపవాసం ఉంటే బాగుంటుందన్నది ఒకటి. ఉపవాసం మొక్కుకు, దేవుడికి సంబంధించినది, దానికీ పౌర ఐక్యతకూ ముడిపెట్టడం ఎందుకన్నది రెండోది. రెంటిలోనూ కొంత నిజం ఉంది. ఏది ఎంతవరకు నిజమో తేల్చాలంటే ఈ ఆచరణ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

మూడూ ఒక్కచోటికి ఎలా వచ్చాయి

మూడు పండుగల లెక్కకూ చంద్రుడే ఆధారం. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి, అంటే అమావాస్యకు ముందు రోజు. రంజాన్ అమావాస్య దాటాక నెలవంక కనిపించిన రాత్రి మొదలవుతుంది. కాబట్టి మాఘ అమావాస్య తర్వాతి నెలే రంజాన్ అయిన ఏడాది ఈ రెంటికీ మూడు నాలుగు రోజుల తేడా మాత్రమే ఉంటుంది. ఈస్టరు వసంతకాలపు పున్నమి తర్వాతి ఆదివారం. దానికి 46 రోజులు వెనక్కి లెక్కిస్తే, అంటే ఇంచుమించు నెలన్నర చాంద్రమానం వెనక్కి వెళితే, మళ్లీ ఒక అమావాస్య దగ్గరికే చేరతాం. అందుకే విభూది బుధవారం చాలా ఏళ్లలో శివరాత్రికి దగ్గర్లో పడుతుంది.

అయితే ఇది ఏటా జరిగేది కాదు. ఇస్లామీయ సంవత్సరం సుమారు 354 రోజులు, అందులో సర్దుబాటు ఉండదు. అందుకే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఎండాకాలం నుంచి చలికాలానికి, చలికాలం నుంచి వానాకాలానికి మారుతుంది. తెలుగు పంచాంగం సుమారు మూడేళ్లకోసారి అధిక మాసాన్ని చేర్చి రుతువులతో లెక్క సరిచేసుకుంటుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. దాంతో 2027లో శివరాత్రి మార్చి 6కు వెనక్కి జరిగి రంజాన్ చివరి రోజుల్లో పడుతుంది. తేదీల కలయిక మీద మాత్రమే కట్టుకున్న ఐక్యత పంచాంగం మారగానే పోతుందని ముందే గుర్తించడం మంచిది.

ఈ నేల మీద ఉపవాసం ఎన్ని తీరులు

ఉత్తరాంధ్రలో ఉపవాసమంటే మొదట గుర్తొచ్చేది కార్తీకం. నెలంతా నత్తాలు ఉండేవారు పగలు అన్నం ముట్టరు. సాయంత్రం దీపం పెట్టి, ఆకాశంలో చుక్క చూశాకే భోజనం. సోమవారాలు మాత్రమే ఉండేవారు ఇంకా ఎక్కువ. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున ఉన్న ఉమారుద్ర కోటేశ్వరాలయం దగ్గర కార్తీక సోమవారం తెల్లవారుజామున నిలబడితే అరటి దొప్పల్లో దీపాలు వదిలే ఆడవాళ్లు వరుసగా కనిపిస్తారు. తలస్నానం చేసిన జుట్టు ఆరకముందే ఒక చేత్తో గాలి తగలకుండా వత్తిని కాస్తూ మరో చేత్తో దొప్పను నీళ్లలోకి నెడతారు. తర్వాత ఇంటికి వెళ్లి పిల్లలకు క్యారేజీలు కడతారు, పనులకు వెళతారు. రాత్రి వరకు వారి కడుపులో ఉండేది పాలో, పండో, గ్లాసుడు నీళ్లో. ఒక్కపొద్దు, ఉప్పిడి, కటిక ఉపవాసం అంటూ ఓపికను బట్టి మెట్లు ఉన్నాయి. ఎవరి మెట్టు వారే ఎంచుకుంటారు.

శివరాత్రికి వంశధార ఒడ్డున శ్రీముఖలింగానికి, టెక్కలి దగ్గర రావివలస ఎండల మల్లికార్జునుడి దగ్గరికి, విజయనగరం వైపు శృంగవరపుకోట పుణ్యగిరికి జనం పోతారు. ఆ రోజు బజారులో చిలగడదుంపలు, అరటిపళ్లు, పుచ్చకాయలు గుట్టలుగా కనిపిస్తాయి.

శ్రీకాకుళం కుతుబ్‌షాహీల నాటి నుంచి ఫౌజుదార్లు (సైనిక పాలనాధికారులు) పాలించిన పట్టణం, ఉత్తర సర్కారుల్లో ఒకటైన చికాకోల్ సర్కారుకు కేంద్రం. అందువల్ల ఇక్కడి రంజాన్ ఉపవాసాలకు కొన్ని వందల ఏళ్ల స్థానిక చరిత్ర ఉంది. విజయనగరంలో బాబామెట్ట ఖాదర్ వలీ దర్గాకు అన్ని మతాలవారూ వెళ్లడం ఊరందరికీ తెలిసిన సంగతే. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి, శ్రీకాకుళం ప్రాంతాల్లో పందొమ్మిదో శతాబ్దంలో కెనడా బాప్టిస్టు మిషన్ పనిచేసింది. ఇక్కడి సంఘాల్లో ఉపవాస ప్రార్థన కూడికలు నేటికీ క్రమం తప్పకుండా జరుగుతాయి.

మైదానంలోని వారు తరచూ మరిచిపోయే ఆచరణ మరొకటి ఉంది. సీతంపేట, భామిని కొండల్లో సవరలు, జాతాపులు కొత్త పంటను ఎవరికి వారుగా తినరు. చెట్టుకు మామిడికాయ కాసినా, చేనులో కంది ఎండినా ఊరంతా కలిసి కొత్తల పండుగ చేసి, దేవతకు, పెద్దలకు పెట్టేదాకా ఆ ఫలం నోట పెట్టుకోకూడదు. ఒక పూట అన్నం మానడం కాదు కాబట్టి దీన్ని ఉపవాసమనలేం. కానీ సామూహిక నిగ్రహానికి ఇంతకంటే శుద్ధమైన ఉదాహరణ ఈ ప్రాంతంలో దొరకదు. ముదరని కాయ కోత నుంచి తప్పించుకుంటుంది. పొలం ముందు పండినవాడు, వెనక పండినవాడు అన్న తేడా తినే రోజున ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా, అందరూ ఆగారు గనుక అందరూ ఒకేసారి తింటారు. ఆగడమూ తినడమూ ఒకే కట్టుబాటులో రెండు భాగాలు. మిగతా ఆచరణలను ఈ కొలతతో చూస్తే వాటి బలమూ లోపమూ రెండూ కనిపిస్తాయి.

ఆకలి మనుషులను ఎలా దగ్గర చేస్తుంది

భోజనం మనిషి స్థితిని బయటపెడుతుంది. ఎవరింట్లో సన్నబియ్యం, ఎవరింట్లో రేషను బియ్యం, ఎవరు మాంసం తింటారు, ఎవరి చేతి వంట ఎవరు తినరు అన్నవన్నీ విస్తరి ముందు తేటతెల్లమవుతాయి. మన సమాజంలో కులం గట్టిగా పట్టుకున్నది పెళ్లిని, పంక్తిని. అన్నం మానేసిన పూట వీటిలో రెండోది తాత్కాలికంగా పక్కకు తప్పుకుంటుంది. ఖాళీ కడుపులో హోదా ఉండదు. భిన్న కులాల, మతాల మనుషులు ఒకే పని చేయడానికి వంటవాడి కులమూ, వండిన గిన్నే అడ్డురాని అరుదైన సందర్భం ఉపవాసం.

దీనికి కాలం తోడవుతుంది. నత్తం ఉన్నవారు చుక్క కోసం, రోజా (రంజాన్ ఉపవాసం) ఉన్నవారు మగ్రిబ్ అజాన్ (సూర్యాస్తమయ నమాజు పిలుపు) కోసం చూస్తారు. ఇఫ్తారుకు ముందు ఐదు నిమిషాలు మసీదు వరండాలో ఎలా ఉంటాయో చూసినవారికి ఈ విషయం వేరుగా చెప్పనక్కర్లేదు. దస్తర్‌ఖాన్ అనే పరిచిన గుడ్డ మీద ఖర్జూరాలు, కోసిన పుచ్చకాయ ముక్కలు, గ్లాసుల్లో షర్బతు సర్ది ఉంటాయి. పొద్దుటి నుంచి నీటి చుక్క ముట్టని మనుషులు చేతికందే దూరంలో తిండి పెట్టుకుని కూర్చుంటారు. పదేళ్ల పిల్లవాడు ఖర్జూరం వేళ్ల మధ్య తిప్పుతూ తండ్రి ముఖం కేసి చూస్తాడు. ఎవరూ ముందు తినరు. అజాన్ వినబడిన క్షణంలో అన్ని చేతులూ ఒకేసారి కదులుతాయి. ఇంతమంది ఒకే గడియారానికి కట్టుబడటం వల్ల పుట్టే నమ్మకం ఉపన్యాసాలతో వచ్చేది కాదు.

మూడోది కష్టం. ఖర్చులేని ఆచారాన్ని ఎవరైనా పాటించినట్టు నటించవచ్చు, ఆకలి అలా కాదు. మానవ శాస్త్రవేత్త రిచర్డ్ సోసిస్, ఎరిక్ బ్రెస్లర్‌తో కలిసి పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలోని 83 సామూహిక జీవన సంఘాలను పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. మతం ప్రాతిపదికగా ఏర్పడిన సంఘాల్లో సభ్యుల మీద కఠిన నియమాలు ఎంత ఎక్కువగా ఉంటే అవి అంత ఎక్కువ కాలం నిలిచాయి. మతేతర సంఘాల్లో మాత్రం కఠిన నియమాలకూ ఆయుష్షుకూ అలాంటి సంబంధం కనిపించలేదు. పౌర ఉపవాసం గురించి ఆలోచించేవారు ఈ రెండో సగాన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాలి. కష్టం ఒక్కటే కలపదు. ఆ కష్టం వెనక అందరూ పవిత్రంగా భావించే కారణం ఒకటి ఉండాలి.

శరీరం వైపు నుంచి చెప్పుకోవలసినది కొద్దిగానే ఉంది. పన్నెండు గంటలు దాటాక కాలేయంలో నిల్వ ఉన్న చక్కెర తగ్గి శరీరం కొవ్వును వాడుకోవడం మొదలుపెడుతుంది. ఆకలి పుట్టించే హార్మోను రోజూ తినే వేళకు పెరిగి తర్వాత కొంత తగ్గుతుంది. అందుకే మొదటి రెండు రోజులు దాటితే రోజాలు తేలికవుతాయని అలవాటున్నవారు అంటారు. లంఖణం పరమౌషధమన్న మాటను పట్టుకుని ఉపవాసంతో ప్రతి రోగమూ నయమవుతుందని ఫోన్లలో తిరిగే సందేశాలకు మాత్రం ఆధారం లేదు.

విడిచే పూట దగ్గర చిక్కు

కార్తీకంలో నత్తాలు అందరూ ఉంటారు. అదే కార్తీకంలో వనభోజనాలు వస్తాయి. ఉసిరి చెట్టు కింద ఊరంతా కూర్చుని తినడానికి ఏర్పడిన ఆ ఆచారం ఇవాళ చాలాచోట్ల కుల సంఘాల పేరున జరుగుతోంది. నెల మొదలవగానే ఫలానా కులం వనసమారాధన అంటూ ఫ్లెక్సీలు లేస్తాయి. తోటలు వేరు, వంటలు వేరు, వేదికలు వేరు. నెల పొడుగునా ఒకే నది ఒడ్డున పక్కపక్కనే దీపాలు వదిలినవారు ఆదివారం వేరువేరు తోటల్లో విస్తళ్లు వేసుకుంటారు. ఆకలి కలిపిన మనుషులను అన్నం మళ్లీ విడదీసిన సందర్భమిది. ఇది బాధాకరమైన వాస్తవం, దీన్ని దాటవేస్తే సామూహిక ఉపవాసం గురించిన చర్చకు అర్థం ఉండదు.

ఇఫ్తారు ఇందుకు భిన్నంగా ఉంటుంది. ధనికుడూ కూలీ ఒకే గుడ్డ మీద కూర్చుని ఒకే పళ్లెంలో చేయి పెట్టడం ఆ ఆచరణలోనే ఉంది. పొరుగువారిని పిలవడమూ సహజం. అయితే నాయకులు ఫంక్షన్ హాళ్లలో ఇచ్చే ఇఫ్తారు విందులు వేరు. అక్కడ ఉపవాసం లేనివారు వేదిక మీద, రోజంతా ఉపవాసం ఉన్నవారు కింద వరుసల్లో ఉంటారు. ఫొటోలు మిగులుతాయి, పరిచయాలు మిగలవు. వీధిలో పది ఇళ్లవారు మసీదు వరండాలో పంచుకునే పళ్లెం దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పని చేస్తుంది.

వంటింటి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాగుల చవితి, అట్లతద్ది, కార్తీక సోమవారాలు, శ్రావణ వ్రతాలు అన్నిటా ఉపవాసం ఉండేవారిలో ఆడవాళ్లే ఎక్కువ. ఉండేదీ వారే, మిగతావారికి వండిపెట్టేదీ వారే. రంజాన్‌లో సహరీ (తెల్లవారకముందు తినే భోజనం) కోసం అందరికంటే ముందు లేచేదీ, ఇఫ్తారు వేళకు పొయ్యి దగ్గర ఉండేదీ వారే. ఊరంతా కలిసి ఆత్మపరిశీలన చేసుకునే రోజు అంటూ ఒకటి పెట్టుకుని, దాని శ్రమంతా సగం జనాభా మీద వేస్తే ఆ ఐక్యతలో సగం ఊరే ఉంటుంది.

ఉపవాసం వీధిలోకి వచ్చినప్పుడు

ఉపవాసాన్ని మతాల గీత దాటించి పౌర కార్యంగా దేశమంతటా పాటింపజేయడానికి గాంధీ 1919లో ప్రయత్నించారు. రౌలట్ చట్టానికి నిరసనగా ఏప్రిల్ 6న పనులు ఆపి, ఇరవై నాలుగు గంటలు ఉపవాసం ఉండి ప్రార్థన చేయమని పిలుపునిచ్చారు. ఆ పిలుపులోని షరతులు నేటికీ పాఠంగా ఉన్నాయి. పెద్దలు మాత్రమే ఉండాలి. మతమో ఆరోగ్యమో అడ్డువస్తే ఉండనక్కర్లేదు. ఆదివారమైనా పనికి వెళ్లవలసిన ఉద్యోగులు ముందుగా సెలవు తీసుకున్నాకే పని మానాలి. ఈ ఉపవాసాన్ని ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చే నిరాహార దీక్షగా ఏ రూపంలోనూ చూడకూడదని, ఇది సత్యాగ్రహులు తమను తాము సిద్ధం చేసుకోవడానికేనని ఆయన స్పష్టంగా చెప్పారు.

తర్వాతి కాలంలో ఈ గీత చెరిగింది. దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వడాన్ని వ్యతిరేకిస్తూ 1932 సెప్టెంబరు 20న ఎరవాడ జైలులో గాంధీ మొదలుపెట్టిన ఉపవాసం, వాటికి బదులు రిజర్వు స్థానాలకు ఒప్పుకున్న పూనా ఒడంబడికకు దారితీసింది. ఆ రోజుల్లో దేశంలో పలుచోట్ల గుళ్లు, బావులు అంటరానివారిగా ముద్రపడిన వారికి తెరుచుకున్నాయి, సహపంక్తి భోజనాలు జరిగాయి. కానీ ప్రత్యేక నియోజకవర్గాలను వదులుకోవలసి వచ్చిన అంబేడ్కర్ ఆ ఉపవాసాన్ని బలవంతంగానే చూశారు. ఒకరి ప్రాణం పణంగా ఉన్నప్పుడు ఎదుటివారి అంగీకారానికి స్వేచ్ఛ ఎక్కడుంటుందన్న ఆ అభ్యంతరం న్యాయమైనదే, దానికి ఇప్పటికీ తృప్తికరమైన జవాబు లేదు.

1947 సెప్టెంబరు 1 నుంచి 4 వరకు కలకత్తాలో, 1948 జనవరి 13 నుంచి 18 వరకు ఢిల్లీలో గాంధీ చేసినవి మతకలహాలను ఆపడానికి. రెండుచోట్లా ఉపవాసం ఆగినది ఉద్వేగం వల్ల కాదు, వివిధ వర్గాల పెద్దలు చేసిన సంతకాల వల్ల. ఢిల్లీ ప్రతిజ్ఞలో ఆక్రమించిన మసీదులను తిరిగి అప్పగించడం, మెహ్రౌలీ దర్గా ఉర్సును యథావిధిగా జరగనివ్వడం వంటి నిర్దిష్టమైన హామీలు ఉన్నాయి. ఏం చేస్తామో కాగితం మీద రాసుకున్నప్పుడే ఉపవాసం పౌర ఒప్పందంగా మారింది.

తెలుగువారికి ఈ చరిత్రలో మరువరాని పేరు పొట్టి శ్రీరాములు. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట మొదలైన ఆయన దీక్ష 58 రోజులు సాగి డిసెంబరు 15న ఆయన మరణంతో ముగిసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతకు చాలా ముందే, 1946లో, ఆయన నెల్లూరులో దళితుల ఆలయ ప్రవేశం కోసం నిరాహార దీక్ష చేసిన సంగతి తక్కువ మందికి గుర్తుంది. సామూహిక ఐక్యత అన్న మాటకు ఆ నెల్లూరు దీక్షే దగ్గరగా ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లా ఇందులో తనదైన రూపాన్ని చూసింది. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా, 2010 జూలై 14 పోలీసు కాల్పులకు ముందూ తర్వాతా, రైతులు, మత్స్యకారులు దీర్ఘకాలం రిలే నిరాహార దీక్షలు చేశారు. రిలే పద్ధతిలో ఒక్కరి ప్రాణం పణంగా ఉండదు. ఇవాళ ఒక బృందం, రేపు మరో బృందం శిబిరంలో కూర్చుంటుంది. ఒక మనిషి త్యాగం చుట్టూ జనం చేరడానికి బదులు కష్టాన్ని అందరూ వంతులవారీగా మోస్తారు. కూర్చునే వంతు వచ్చిన ప్రతి ఇంటికీ ఉద్యమం తనదన్న భావం కలుగుతుంది. ఒత్తిడి తెచ్చే దీక్షల్లో సమాజాన్ని కలిపే గుణం అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది దీనికే.

1965 నాటి అనుభవం మరో రకం. పాకిస్తాన్‌తో యుద్ధం, తిండిగింజల కొరత ఒకేసారి మీద పడినప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానమని ప్రజలను కోరారు. సోమవారం రాత్రి చాలా హోటళ్లు మూసేశారు. ఎన్నో ఇళ్లలో దాన్ని వ్రతంలా పాటించారు. అందులో దేవుడి ప్రస్తావన లేదు, కారణం మాత్రం ప్రతి ఇంటికీ తెలుసు. ఆదా అయిన గింజలకంటే, కొరతను అందరం పంచుకుంటున్నామన్న భావనే ఆ పిలుపు సాధించిన పెద్ద ఫలితం.

ప్రభుత్వమే ప్రకటిస్తే

ఉపవాస దినాన్ని ప్రభుత్వం ప్రకటించిన దేశాలున్నాయి. అమెరికాలో అంతర్యుద్ధం నడుమ సెనేట్ కోరిక మీద అబ్రహాం లింకన్ 1863 ఏప్రిల్ 30ని జాతీయ ఉపవాస, ప్రార్థన దినంగా ప్రకటించారు. న్యూ ఇంగ్లండు రాష్ట్రాల్లో వలస కాలం నుంచే ఏటా ఒక ఉపవాస దినం ఉండేది. కాలక్రమంలో అది ఆటలకు, విహారాలకు దొరికే మామూలు సెలవుగా మారింది. మసాచుసెట్స్ 1894లో దాన్ని రద్దు చేసింది. న్యూ హాంప్‌షైర్ 1991 దాకా పేరుకు మాత్రం కొనసాగించింది. థామస్ జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు అసలు ఇలాంటి ప్రకటనే చేయనన్నారు. ఉపవాసం ఎప్పుడుండాలో చెప్పే అధికారం ప్రభుత్వానిది కాదన్నది ఆయన వాదన.

స్విట్జర్లాండ్‌లో కథలో కొంత తేడా ఉంది. కథోలికులు, ప్రొటెస్టెంట్లు వేరువేరు కాంటన్లలో (మన రాష్ట్రాల వంటివి) ఉన్న ఆ దేశంలో 1832లో సెప్టెంబరు మూడో ఆదివారాన్ని రెండు వర్గాలకూ ఉమ్మడిగా కృతజ్ఞతా, పశ్చాత్తాప, ప్రార్థన దినంగా నిర్ణయించారు. పదిహేనేళ్లకే, 1847లో, ఆ కాంటన్ల మధ్య అంతర్యుద్ధం వచ్చింది. ఉమ్మడి దినం యుద్ధాన్ని ఆపలేకపోయింది. అయినా యుద్ధం ముగిశాక కూడా రెండు వర్గాలూ దాన్ని వదులుకోలేదు, ఇప్పటికీ అది వారి క్యాలెండరులో ఉంది. ఉమ్మడి ఆచారం నుంచి ఎంత ఆశించాలో ఈ ఉదాహరణ చెబుతుంది.

మన దగ్గర ప్రభుత్వం పాత్రకు రాజ్యాంగమే హద్దు గీసింది. 25వ అధికరణ ప్రతి ఒక్కరి మతాచరణ స్వేచ్ఛను కాపాడుతుంది. ఏదైనా ఒక మత ప్రోత్సాహానికి ఉద్దేశించిన పన్ను కట్టమని ఎవరినీ నిర్బంధించరాదని 27వ అధికరణ అంటుంది. మత, భాషా, ప్రాంతీయ భేదాలకు అతీతంగా సోదరభావాన్ని పెంచడం 51ఏ అధికరణ ప్రకారం పౌరుల విధి. ఆ విధి పౌరులది కాబట్టి ఉమ్మడి ఉపవాసం లాంటిది ఏదైనా వీధి నుంచి, వార్డు నుంచి, గ్రామం నుంచి రావాలి. కలెక్టరేటు నుంచి ఉత్తర్వుగా వస్తే అది హాజరు పట్టీగా మారుతుంది.

ఎవరిని పిలవకూడదు

శ్రీకాకుళం జిల్లాలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు ఉంది. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా ఇంటింటినీ పీడిస్తోంది. దాని కారణం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. ఎండలో పని చేస్తూ తగినన్ని నీళ్లు తాగకపోవడం అనుమానిత కారణాల్లో ఒకటి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇలాంటి చోట నీళ్లు కూడా ముట్టని ఉపవాసానికి ఊరంతటినీ పిలవడం ప్రమాదకరం. డయాలసిస్ చేయించుకుంటున్నవారే కాదు, జబ్బు తొలి దశలో ఉండి ఆ సంగతి తెలియనివారూ ఆ ఊరిలో ఉంటారు. ఇన్సులిన్ వాడే మధుమేహులకు చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, బాలింతలు, పిల్లలు, ఉపాధి హామీ పనుల్లో మట్టి మోసేవారు, పలాస జీడి బట్టీల్లో వేడి దగ్గర నిలబడేవారు కూడా ఈ పట్టికలోకే వస్తారు.

ఈ మినహాయింపులు మతాలకు కొత్త కాదు. రోగులకు, ప్రయాణికులకు, గర్భిణులకు రంజాన్ ఉపవాసం నుంచి సడలింపు ఉంది. తర్వాత ఆ రోజులు పూర్తి చేయవచ్చు, అది కూడా సాధ్యంకాని వృద్ధులు, దీర్ఘ రోగులు పేదవారికి అన్నం పెట్టవచ్చు. కథోలికులకు నిర్బంధ ఉపవాసం విభూది బుధవారం, శుభ శుక్రవారం మాత్రమే, అది కూడా 18 నుంచి 59 ఏళ్ల వయసువారికే. హిందూ ఆచారంలో ఒక్కపొద్దు, ఫలహారం వంటి మెట్లు ఇందుకే ఏర్పడ్డాయి. ఆచారాల్లో ఉన్న ఈ వివేకం సామూహిక పిలుపుల్లో తరచూ మాయమవుతుంది. నలుగురూ ఉంటున్నప్పుడు ఉండలేనని చెప్పడానికి జబ్బుమనిషి సిగ్గుపడతాడు, మాత్రలు మానేసి కూర్చుంటాడు.

దీనికి మరో పార్శ్వం పేదరికం. ఈ జిల్లాల నుంచి చెన్నై, హైదరాబాద్, విజయవాడలకు కూలికి, గుజరాత్ వెరావల్ దాకా చేపల వేటకు వలస వెళ్లే కుటుంబాలకు పస్తు కొత్త అనుభవం కాదు. పస్తును ఎవరూ ఎంచుకోరు. కడుపు నిండినవారు ఒక పూట ఆకలిని రుచి చూసి పేదల బాధ తెలిసిందనుకుంటే అది పొరపాటు. రాత్రికి అన్నం ఉందన్న భరోసాతో ఉండే ఆకలికీ, ఆ భరోసా లేని ఆకలికీ పోలిక లేదు.

మానిన ముద్ద ఎటు పోతుంది

అందుకే సామూహిక ఉపవాసంలో మానుకున్న అన్నం ఎవరికి చేరుతుందన్నది చివరికి తేల్చుకోవలసిన లెక్క. ఇస్లాంలో ఈ లెక్క నియమంగానే ఉంది: ఈద్ నమాజుకు ముందే కుటుంబంలో ప్రతి ఒక్కరి తరఫునా ఫిత్రా ఇవ్వాలి. ఆ ఏటి గోధుమ ధరను బట్టి ఉలేమాలు (మత పండితులు) మొత్తాన్ని ప్రకటిస్తారు. పండుగ పూట ఏ ఇంటా పొయ్యి ఆగకూడదన్నది దాని ఉద్దేశం. చర్చిల్లో తపస్సు కాలపు కానుకలు పేదల కోసం పోగు చేస్తారు. హిందువుల్లో స్వయంపాకం, అన్నదానం ఉన్నాయి. కానీ ఫలానా ఉపవాసానికి ఇంత అని ముడిపెట్టే లెక్క అంతటా లేదు, ఇచ్చేవారి ఇష్టం మీద ఆధారపడుతుంది. ఈ మూడు ప్రవాహాలూ వేటికవే పారుతున్నాయి.

వీటిని ఒకచోట కలపడం కష్టమైన పని కాదు. 2024 ఆగస్టులో తిరిగి తెరిచిన అన్న క్యాంటీన్లు పట్టణాల్లో ఐదు రూపాయలకు భోజనం పెడుతున్నాయి, దాతల విరాళాలూ తీసుకుంటున్నాయి. గుడి, మసీదు, చర్చి కమిటీలు ముగ్గురూ ఒక రోజు ఎంచుకుని, తమ సభ్యులు మానిన పూట విలువను ఒకే ఖాతాలో వేస్తే, ఆ భోజనం తినే రిక్షా కార్మికుడికి అది ఎవరి దేవుడి పేరున వచ్చిందో తెలియనక్కర్లేదు. సాయంత్రం విడిచే పూటకు ముగ్గురికీ చెందని చోటు ఒకటి కావాలి. బడి ఆవరణ, కల్యాణ మండపం, ఊరి చెరువు గట్టు, ఏదైనా సరే. వంట ఎవరు చేయాలన్నది ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే పాత చిక్కంతా అక్కడే ఉంది. ఖర్జూరం, అరటిపండు, ఉడికించిన చిలగడదుంప, మజ్జిగ వంటివి పెట్టుకుంటే మాంసం, మడి, హలాల్ వివాదాలేవీ రావు. వడ్డన మగవాళ్లు చేస్తే ఆ రోజు ఉపవాసం ఉన్న ఆడవాళ్లు కూడా కూర్చుని తినగలుగుతారు. పిలుపు కాగితం మీద మొదటి వాక్యంలోనే నీళ్లు తాగవచ్చని, మందులు వేసుకునేవారు ఉపవాసం ఉండనక్కర్లేదని రాయాలి. ఆ రోజు బడిలో మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీలో గుడ్డు యథాప్రకారం వడ్డించాలి.